ఎండు పరకలది ఏ రంగం?

నా షాపులోంచి నేను బయటికి రావాలంటే ముందు కస్టమర్లు బయటికి నడవాలి. ఇబ్రహీంపట్నంలో బస్టాండుకూ తహసీల్దారు ఆఫీసుకూ నడుమ ఉన్న చిన్న మడిగె అది. ఒక జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, నా కుర్చీ పట్టగా మిగిలిన జాగాలో ముగ్గురు నిలబడొచ్చు. ఆ ముగ్గురూ నిలబడ్డారంటే నాకు దారి మూసుకున్నట్టే. అన్నానికి లేవాలంటే వాళ్లను కిందికి దించాలి, నేను దిగాలి, తిని మళ్లీ ఎక్కాలి, వాళ్లను ఎక్కించాలి. ఈ కవాతు చేయలేక చాలా రోజులు కుర్చీలోనే డబ్బా విప్పి తినేదాన్ని. కుల సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, హాల్ టికెట్టు, కరెంటు బిల్లు, ఏది కావాలన్నా జనం నా దగ్గరికే వచ్చేవారు. పని అయ్యేదాకా "మేడం" అనేవారు, ఆలస్యమైతే "ఏందమ్మా నువ్వు" అనేవారు.

నేను బీకాం చదివాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, చేసిన తప్పు తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు. వ్యాపారాలను ఎట్లా విడదీస్తారో నాకు బాగా తెలుసు. నేల నుంచో నీళ్ల నుంచో తీసుకునేది ప్రాథమిక రంగం. తీసుకున్నదాన్ని మరొకటిగా మార్చేది తయారీ రంగం. ఎదుటివాళ్లకు పని చేసిపెట్టేది సేవా రంగం. కొని అమ్మేది వర్తకం. ఇంటర్లో ఒకసారి, డిగ్రీలో ఒకసారి ఇదే ప్రశ్నకు జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పుస్తకంలో ఒక్కో రంగం పక్కన ఒక్కో బొమ్మ ఉండేది. నాగలి, ఫ్యాక్టరీ గొట్టం, బ్యాంకు. ప్రపంచం అంత శుభ్రంగా ఉంటుందని నమ్మిన వయసు అది.

కొన్నేళ్ల కిందట, చిన్న వ్యాపారాలు చేసేవాళ్లంతా ఆన్‌లైన్లో నమోదు చేసుకోవాలని, చేసుకుంటే ముందుముందు పనికొస్తుందని ఊళ్లో మాట పుట్టింది. ఎవరు పుట్టించారో గానీ, రెండు నెలలు నా షాపు ముందు వరసగా చెప్పులు విడిచిపెట్టి మరీ లైను కట్టారు. ఆ ఫారంలో పేరు, ఊరు, ఆధార్ అయ్యాక ఒక ప్రశ్న వచ్చేది. మీ వ్యాపారం ఏ రకం? కింద ఒక పెద్ద జాబితా తెరుచుకునేది. ఒక్కో పనికి ఒక్కో నంబరు, పక్కన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. దేశంలో మనిషన్నవాడు చేయగల ప్రతి పనికీ అందులో ఒక నంబరు ఉందట. ఇబ్రహీంపట్నం మనుషులను చూడకుండా తయారుచేశారని మొదటిరోజే అర్థమైంది.

ఒకాయనకు ట్రాక్టరు ఉంది. వానాకాలం దున్నుతాడు, ఎండాకాలం దానికే ట్యాంకరు తగిలించి వెంచర్లలో చెట్లకు నీళ్లు పోస్తాడు, నడుమ ఇటుకలు తోలుతాడు. ఆయనది వ్యవసాయమా, నీటి సరఫరానా, రవాణానా? చికెన్ సెంటరు పెట్టినాయన కోడిని కోసి అమ్ముతాడు. కోయడం తయారీ అయితే అమ్మడం వర్తకం. ఎవరైనా ఇంటి కోడిని తెచ్చి కోసిమ్మంటే అది సేవ. ఇవన్నీ ఒకే మొద్దు మీద, ఒకే కత్తితో జరుగుతాయి. మొదటి రెండు రోజులు నేను చదివిన చదువంతా ఖర్చుపెట్టి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. ఒక్కో మనిషికి అరగంట పట్టింది. లైను తహసీల్దారు ఆఫీసు గోడదాకా పోయింది.

మూడో రోజుకు జనమే నాకు దారి చూపించారు. తయారీ అని పెడితే తర్వాత ఎవరో వచ్చి జాగా ఎవరిది, మిషన్లేవి, కరెంటు మీటరు ఏ రకం అని అడుగుతారని ఒక భయం పుట్టింది. అది నిజమో కాదో నేనూ తెలుసుకోలేదు, వాళ్లూ తెలుసుకోలేదు. వచ్చినవాడల్లా ఒకటే మాట. "మేడం, ఎక్కువ అడగనిదాంట్ల పెట్టు." జాబితా చివరన 'ఇతర సేవలు' అని ఒకటి ఉంది. దాన్ని నొక్కితే ఫారం గబగబా ముందుకు పోయేది. ఆ నంబరు ఒక చీటీ మీద రాసి కంప్యూటరు అంచుకు అంటించుకున్నాను. ఇక అడగడం మానేసి నొక్కడం మొదలుపెట్టాను. కుమ్మరాయన, పిండిగిర్నీ ఆయన, బోర్లు వేసేవాడు, బొమ్మలకు రంగులేసేవాడు, అందరూ ఇతర సేవలే. నా షాపుకు మాత్రం ఒక గంట కూర్చుని, వెతికి వెతికి, సరైన నంబరే పెట్టుకున్నాను. దాని సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను కూడా.

ఆ లైనులోనే పెద్దమ్మ వచ్చింది. నాకు చుట్టం కాదు. చెరువు కట్ట దిగువన ఉండే చేపలవాళ్ల మనిషి, యాభై దాటి ఉంటాయి. అందరూ మెట్టెక్కి లోపల నిలబడితే ఆమె కిందనే నిలబడింది.

"లోపలికి రా పెద్దమ్మా."

"వద్దు బిడ్డా, వాసనొస్త. నీ మిషన్లకు పడ్తదో పడదో."

ఏం పని చేస్తావని అడిగాను.

"చేపలెండబెడ్త."

"నువ్వే పడ్తవా?"

"మా ఆయన పడ్తుండె. ఆయన పోయినంక చేపల సంఘపోళ్లు పట్టినయి కొంట. పరకలు, గా చిన్న చేపలు, ఎవలు కొంటలేరు గదా, గవి నేను తీస్కుంట. కడుగుత, పొట్ట తీస్త, ఉప్పు వెడ్త, ఎండబెడ్త. వారం అంగట్ల అమ్ముత."

చెరువు ప్రాథమిక రంగం, ఉప్పు తయారీ, అంగడి వర్తకం. పుస్తకం మొత్తం ఒక గంపలో నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాకు నవ్వొచ్చింది.

"అన్నిట్ల ముఖ్యమైంది ఎండబెట్టుడే గదా పెద్దమ్మా? అంటే నువ్వు తయారు చేస్తున్నట్టు."

"నేనేడ తయారు జేస్తనే? చేపను చెరువు జేస్తది, ఎండబెట్టేది ఎండ. నేను నడుమ అటిటు మర్లేసుడే."

వెనకాల ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఎవరో "జల్ది కానీయ్ మేడం, నాకు బస్సున్నది" అన్నారు. పెద్దమ్మ కూడా నవ్వి, "నాకేం ఎరుక బిడ్డా, అందరికి పెట్టినట్టే నాకు పెట్టు" అంది. చేపను ఉప్పుపెట్టి ఎండబెట్టడం తయారీ. జాబితాలో దానికి నంబరు కూడా ఉంది, మొదటి రోజు వెతికేటప్పుడు నా కంట పడింది. తెలిసి తెలిసి చీటీ మీది నంబరు నొక్కాను. కాగితం చేతికిస్తే ఆమె దాన్ని కొంగుతో పట్టుకుంది, చేతి తడి అంటుకుంటుందని. మర్నాడు ఒక పొట్లం ఎండు పరకలు తెచ్చి మెట్టు మీద పెట్టి పోయింది. ఇంట్లో వేయించుకుని తిన్నాము. చాలా బాగున్నాయి.

రెండేళ్లు గడిచాయి. ఈ రెండేళ్లలో కట్ట దిగువన ఆమె చేపలు ఆరబోసే ఖాళీ జాగా అమ్ముడుపోయింది. హద్దురాళ్లు పాతారు. కొన్నాళ్లు ఆ రాళ్ల నడుమనే చీరలు పరిచి ఆరబెట్టింది. తర్వాత ప్రహరీ కట్టి గేటు పెట్టారు. ఆరబెట్టడం ఇంటి డాబా మీదికి మార్చింది. పక్కన కొత్తగా కట్టిన ఇళ్లలో కిరాయికి దిగినవాళ్లు వాసనని గొడవ చేశారు, మున్సిపాలిటీకి చెప్తామన్నారు. చేపలు కొనడం తగ్గించింది. ఒకరోజు వాన మబ్బు చూసి తడిచేపలు గంపెడు తీసుకుపోయి చెరువులోనే పారబోసిందని ఎవరో చెప్తే విన్నాను.

అప్పుడు షెడ్ల సంగతి తెలిసింది. సొంతంగా సరుకు తయారుచేసే ఆడవాళ్లకు సర్కారు వాళ్లు పై కప్పు, చుట్టూ జాలీ, నీళ్ల కుళాయి ఉన్న షెడ్లు ఇస్తారట. ఊరికి దూరంగా, వాసనని ఎవరూ అనని చోట. పెద్దమ్మ అందరికంటే ముందు దరఖాస్తు పెట్టింది. ఆ ఫారం కూడా నేనే నింపాను. నింపేటప్పుడు నా చేతికి ఏ అనుమానమూ రాలేదు. వారం తర్వాత వచ్చి కిందనే నిలబడి, "బిడ్డా, లిస్టుల నా పేరు లేదంట. ఏందో జర చూడరాదు" అంది.

ఆమెను వెంటబెట్టుకుని కొంగరకలాన్‌లోని కలెక్టరేటుకు పోయాను. షెడ్ల దరఖాస్తులు చూసే సెక్షన్లో సారు మంచివాడే. మా కాగితం తిరగేసి, మరలా తిరగేసి, నా వైపు చూశాడు.

"ఈమె చేప ముట్టినట్టు కాయిదంల ఎక్కడ లేదమ్మా. ఇతర సేవలు అని ఉన్నది."

"ఇరవై ఏండ్ల సంది గదే పని సార్" అన్నాను.

"నాకు వాసన వస్తలేదా? కాని వాసన చూసి సంతకం పెట్టలేను గదా. కాయిదం మార్చుకోవచ్చు, అడ్డం లేదు. మార్చిన్నాటి సంది లెక్క వెడ్తరు. షెడ్డుకేమో రెండేండ్లు తయారీల ఉండాలె."

పెద్దమ్మ నా మొహం, సారు మొహం మార్చి మార్చి చూస్తోంది. ఏం మాట్లాడుతున్నామో ఆమెకు అందలేదు. ఆఖరికి సారే ఒక దారి చెప్పాడు. "ఫారం నింపినోళ్లు ఉత్తరం రాసిస్తే పాత తేదీ నుంచి సవరించే అవకాశమున్నది. శుక్రారం దాంక టైముంది. ఎవలు నింపిన్రు?"

"నేనే సార్" అన్నాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. అందులో ఇట్లా ఉంది: నమోదు సమయంలో సర్వర్ ప్రాబ్లం వల్ల వివరాలు తప్పుగా నమోదైనవి. మా తరహా షాపుల్లో ఏది చెడినా ఆ తప్పు సర్వరుది. డబ్బులు కట్ అయినా సర్వరే, పేరు తప్పు పడినా సర్వరే, నాకు నిద్రొచ్చి షట్టరు దించుకున్నా సర్వరే. ఎవరూ ఎదురు అడగరు. ఆ సర్వరు ఏ ఊళ్లో ఉంటుందో ఎవరూ చూడలేదు కాబట్టి దాని మీద ఎంత బరువైనా మోపొచ్చు. బుధవారం పోయి సారుకు ఇచ్చాను. చదివి నాకే తిరిగిచ్చాడు.

"గీమెకొక్కదానికే ఖరాబైందా సర్వరు? ఇది నడ్వదమ్మా. తప్పు ఆపరేటర్‌ది, నేనే చేసిన అని రాయి. నీ ఐడీ నంబరేసి సంతకం పెట్టు."

"రాస్తే నాకేమైతది సార్?"

"ఐడీ బంద్ పెట్టి ఎంక్వైరీ చేస్తరు. ఇంకెన్నిట్ల గిట్ల చేసినవో చూస్తరు." ఆయన బెదిరించలేదు, మామూలుగానే చెప్పాడు.

ఇంకెన్నిటిలో అన్న మాటకే రెండు నెలల లైను మొత్తం కళ్ల ముందు నిలబడింది. కుమ్మరాయన, గిర్నీ ఆయన, అందరూ. సర్కారు ఇచ్చిన ఆపరేటర్ ఐడీ పోతే కంప్యూటరు ఉట్టి డబ్బా, నేను షట్టరు దించుకుని ఇంట్లో కూర్చోవాలి. రాయకపోతే పెద్దమ్మకు షెడ్డు రాదు. అడకత్తెరలో పోకచెక్క అనే మాట చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. కాకపోతే ఆ కత్తెరను నేనే తెరిచి, నేనే మధ్యలో కూర్చున్నాను. నా మీద నాకు కోపం రావాలి కదా, రాలేదు. పెద్దమ్మ మీద వచ్చింది. ఆ రోజు "అందరికి పెట్టినట్టే పెట్టు" అని ఎందుకు అనాలి? నేను తయారు చేస్తానని ఒక్క మాట అంటే ఏం పోయేది? ఇట్లాంటి ఆలోచనలు చేశానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ చేశాను.

గురువారం ఆమె రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ కిందనే నిలబడింది.

"రాసినవా బిడ్డా?"

"నెట్ లేదు పెద్దమ్మా. వస్తే రాస్త."

కాగితం మీద పెన్నుతో రాసే ఉత్తరానికి నెట్ ఎందుకని ఆమె అడగలేదు. "ఫికర్ చేయకు, నిదానంగ రాయి" అని నాకే ధైర్యం చెప్పి పోయింది.

శుక్రవారం పొద్దున లేస్తూనే రాశాను. ఈసారి నిజం రాశాను. అడగకుండా నొక్కానని, తెలిసీ నొక్కానని, తప్పు నాదేనని. కింద ఐడీ నంబరు వేసి సంతకం చేశాను. మడిచి సంచిలో పెట్టుకున్నాక మనసు ఎంత తేలికైందో చెప్పలేను. షాపు తీసి, ఒక గంట కూర్చుని, పదింటికి కొంగరకలాన్ బయలుదేరాలనుకున్నాను. తీయగానే ముగ్గురు ఎక్కారు. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజని ఒకమ్మాయి, పింఛను కాగితమని ఒక తాత, ఆధార్ లింకని ఇంకొకాయన. వాళ్లు దిగితే ఇంకో ముగ్గురు. పన్నెండయింది, రెండయింది. ఒక్కొక్కరి పని చేస్తూ, వీళ్లను వదిలి ఎట్లా పోతాను, వీళ్లవీ అవసరాలే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగున్నరకు కూడా ఆటో ఎక్కితే అందేదాన్ని. ఐదు దాటాక గడియారం చూసి, "అయ్యో" అని పైకే అన్నాను. ఎదురుగా నిలబడ్డాయన నెట్ పోయిందేమోననుకున్నాడు.

ఆ ముగ్గురిని దిగమంటే దిగేవారు. ఎన్నోసార్లు దిగారు.

పెద్దమ్మకు టైము దాటిపోయిందని చెప్పాను. ఎట్లా దాటిందో చెప్పలేదు. ఆమె "మన నసీబుల లేదు గదా, నువ్వేం జేస్తవ్" అంది. ఆ తర్వాత వారం అంగట్లో ఆమె కూర్చునే చోట ఒకాయన ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను అటువైపు పోవడం మానుకున్నాను.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. మెట్టెక్కి ఎవరో లోపలికి వచ్చారు. నీలం రంగు కోటు, మెడలో కార్డు, నూనె రాసి గట్టిగా వేసిన ముడి. తల ఎత్తి చూసేదాకా పెద్దమ్మని గుర్తుపట్టలేదు.

"ఇప్పుడు వాసనొస్తలేను బిడ్డా, గందుకే లోపటికొచ్చిన" అని నవ్వింది.

ఆదిభట్లలో ఒక పెద్ద కంపెనీలో హౌస్‌కీపింగ్ పని దొరికిందట. బాత్రూములు, కారిడార్లు. కాంట్రాక్టరు మనిషి ఊరికొచ్చి పిలిస్తే చాలామంది ఆడవాళ్లు పోయారట. నా పాత సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులోంచి తీసి కౌంటరు మీద పెట్టింది.

"దీనివి రెండు జిరాక్సులు తీయి. మస్తు మంది వచ్చిండ్రు గని నన్నే ముందు వెట్టుకున్నరు. రెండేండ్ల సంది సేవల పని చేసినట్టు దీంట్ల ఉన్నదట, ఎక్స్‌పీరియన్స్ అన్నడు సారు. ఆ దినం నువ్వు మంచిగ ఆలోచన జేసి రాసినవ్. నీ పున్నెముంటది బిడ్డా."

ఆ క్షణం చెప్పాల్సింది. శుక్రవారం ఉత్తరం ఇంకా నా సంచి లోపలి జేబులోనే ఉంది, మడతల దగ్గర చిరగడం మొదలైంది. నోరు తెరిచాను కూడా. ఆమె అప్పటికే మిషను వైపు తిరిగి, కాగితాలు వేడివేడిగా బయటికి రావడం చూస్తూ నిలబడింది. నేను వాటిని తీసి, అంచులు సమంగా తట్టి, చేతికిచ్చాను. కొంగుతో కాదు, చేత్తోనే అందుకుంది.

ఆదిభట్ల బస్సు రోజూ నా షాపు ముందునుంచే పోతుంది. ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుని నాకు చెయ్యి ఊపుతుంది. నేను కుర్చీలోంచి లేవకుండా చెయ్యి ఊపుతాను.